డెల్ ఇల్లు తెలియని ప్రోగ్రాము

మా కౌంటీలో మంచు సంగతి ఉన్నదున్నట్టు చెబితే బయటివాళ్ళు నమ్మరు. అందుకని కాస్త తగ్గించి చెప్పడం మాకందరికీ అలవాటు. ఒక ఏడాది లూథరన్ చర్చి శిఖరం మీది ఇనప కోడిని జింక వచ్చి నాకిపోయింది. కోతలని నవ్వేవాళ్ళు పోయి ఆ కోడిని చూసుకోవచ్చు, ముక్కు అరిగి ఉంటుంది. సుపీరియర్ సరస్సు మీంచి గాలి ఒకసారి మొదలెట్టిందంటే ఏప్రిల్ దాకా దానికి వేరే పనుండదు. మంచు తోయడం తప్ప మాకూ వేరే పనుండదు.

ఆ మంచులో ఏ రోడ్డు ముందు తోయాలో, ఏది తర్వాత తోయాలో తెల్లవారకముందే చీటీ తీసి డ్రైవర్ల చేతికిచ్చే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని రాసినవాడు డెల్బర్ట్ రువోనా. రోడ్ల శాఖలో కొలతలు కొలిచే పనిలో చేరిన మనిషి. ఒక చలికాలం సొంత ఇంటి కప్పు మీద మంచు తీస్తూ జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలు అతుక్కునేలోపు లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకం ముందేసుకుని పైథాన్ నేర్చుకుని, ప్రోగ్రాము రాసేశాడు. రెండు కాళ్ళూ విరిగి ఉంటే ఆయన చంద్రమండలానికి దారి కనిపెట్టేవాడని మంచుబండ్ల షెడ్డులో అంటుంటారు. అది పద్నాలుగేళ్ళ కిందటి మాట. ఇప్పుడాయనకు అరవై ఒకటి. కుర్చీలో కూర్చోవాలన్నా, లేవాలన్నా ముందొక నిట్టూర్పు విడుస్తాడు.

ఈ పద్నాలుగేళ్ళూ డెల్ మోసిన నింద ఒక్కటే. ఆయన ఇల్లున్నది టామరాక్ వీధిలో. కొండ మీద, చివరాఖరున, తొమ్మిదిళ్ళ వీధి. ఒకప్పుడు రాగి గని కంపెనీ తన కూలీలకు కట్టించింది. అంత అనామకపు వీధి చిన్న రోడ్లన్నిటిలోకీ మొట్టమొదట శుభ్రపడేది, ప్రతిసారీ. ఊరంతా చూసింది, ఊరంతా నవ్వింది, ఊరంతా తిట్టింది. పదకొండేళ్ళ కిందట ఎవరో కౌంటీ బోర్డు దాకా లాగితే, డెల్ నిండు సభలో లేచి నిలబడి ఒక్క ముక్క చెప్పాడు.

“నా ప్రోగ్రాముకు నా ఇల్లెక్కడో తెలీదు.”

అది నిజం. ఆ నిజాన్ని నమ్మినవాడు కౌంటీ మొత్తానికి ఆయనొక్కడే. ఆ మాట మాత్రం సామెత కంటే ఎక్కువ చలామణీ అయింది. అన్నీ తెలిసి తెలియనట్టు నటించేవాడెవడైనా కనిపిస్తే, “పాపం, వాడి ప్రోగ్రాముకు వాడి ఇల్లు తెలీదు” అనేవాళ్ళు.

మూడేళ్ళ కిందట ఆయన భార్య మార్లిస్ మూత్రపిండాలు మొరాయించాయి. మంగళ, గురు, శనివారాలు ముప్పై ఎనిమిది మైళ్ళ దూరంలో డయాలసిస్. ఆస్పత్రి వ్యాను పొద్దున్న అయిదూ ఇరవైకి ఇంటి ముందుకొస్తుంది. మంచు తోసి ఉంటేనే కొండెక్కుతుంది, లేకపోతే కింద మలుపులోనే వెనక్కి తిరిగి పోతుంది. అలా ఒక్కసారి కూడా పోలేదు. అందుకే ఆ సంగతి గురించి డెల్ ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆలోచించాల్సిన రోజు ఈ అక్టోబరులో వచ్చింది. మూడింటికి వచ్చే వాతావరణ సమాచారం ఇకనుంచి నాలుగింటికి వస్తుందని, మరింత కచ్చితంగా ఉంటుందని కబురు. మంచుబండ్లు బయలుదేరేది నాలుగున్నరకు. డెల్ ప్రోగ్రాము చీటీ తీయడానికి పట్టే సమయం యాభై రెండు నిమిషాలు. షెడ్డు పెద్ద నార్మ్ బెర్టుచ్చి, డెల్ గదిలోకి వచ్చి తలుపు దగ్గరేశాడు. నార్మ్ తలుపు వేశాడంటే వార్త మంచిది కాదని అర్థం.

“బోర్డు వాళ్ళు ఒక కంపెనీని పిలిపించారు గురూ. వాళ్ళ ప్రోగ్రాము రెండు నిమిషాల్లో చీటీ తీస్తుందిట. నవంబరు మొదటి మంగళవారం తేల్చేస్తారు.”

“వాళ్ళది చిన్న రోడ్ల వరుస ఎలా తీస్తుంది?”

“ఇళ్ళెక్కువున్న రోడ్డు ముందు, తక్కువున్నది తర్వాత.”

తొమ్మిదిళ్ళు. డెల్ మనసులో వెంటనే లెక్క పడింది. కంపెనీ వాళ్ళొస్తే టామరాక్ వీధి వంతు ఏడున్నరకు.

“నాకు బోర్డు మీటింగు దాకా టైమివ్వు. మనదాన్నే వేగంగా నడిపిస్తా,” అన్నాడు.

“నీ ఓపిక,” అన్నాడు నార్మ్, డెల్ మొహంలో అది ఎంత మిగిలిందో చూస్తూ.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పుకోవాలి. పైథాన్ అనేది రాత. ఆ రాతను చదివి మిషను చేత పని చేయించే మేస్త్రీ వేరే ఉంటాడు. అందరి దగ్గరా ఉండేది పాత మేస్త్రీ. నెమ్మది, కానీ మాట తప్పడు. ప్రతి వరుసా ఎన్నోసారి చదువుతున్నా సరే, మొదటిసారి చూసినట్టే వేలు పెట్టి చదువుతాడు. అదే రాతను ఇంకా చురుగ్గా చదివి చేయిస్తామనే వేరే మేస్త్రీలు ఉన్నారు. రాత మార్చక్కర్లేదు, మేస్త్రీని మారిస్తే చాలునంటారు. చాలునో చాలదో డెల్ తేల్చుకోవాలి. కిందటి జనవరి తుపాను లెక్కలన్నీ దాచి ఉంచాడు కాబట్టి, పరీక్షకు వాటినే పెట్టుకున్నాడు. గళ్ళ నోటు పుస్తకంలో ముగ్గురు మేస్త్రీలకు మూడు పేజీలు కేటాయించాడు.

మొదటివాడు పని జరుగుతుండగా గమనించి, పదే పదే వచ్చే పనిని కంఠస్థం చేసి, తర్వాత చూడకుండా చేయిస్తాడు. డెల్ జాగ్రత్తపరుడు కాబట్టి ముందు పన్నెండు వీధుల చిన్న లెక్క ఇచ్చి చూశాడు. పాతవాడి కంటే ఆలస్యంగా తేలింది. నోటు పుస్తకంలో “మొద్దు” అని రాసి పేజీ తిప్పేశాడు.

రెండోవాడు అందరికంటే వేగం. కానీ పని మొదలెట్టకముందే ఇది అంకె, ఇది పేరు, ఇది దూరం అంటూ ప్రతిదానికీ తలా ఒక పట్టీ కట్టి ఇవ్వాలి. నాలుగు వేల వరుసల రాత. వారం రోజులు కూర్చుని రెండు వందల వరుసలకు కట్టేసరికి కళ్ళు మంటలు, మెడ పట్టేసింది. ఈ లెక్కన పని ఈస్టరుకు పూర్తవుతుంది. ఆపాటికి మంచు కరిగిపోతుంది, తన కథా ముగిసిపోతుంది.

మూడోవాడు పాతవాడి తమ్ముడిలాంటివాడు. యాభై రెండు నిమిషాలు నలభై అయ్యాయి. దాన్ని తయారు చేసినవాళ్ళెవరో కొన్నేళ్ళ కిందటే చేతులు దులుపుకుని వెళ్ళిపోయారట. ఏదైనా తేడా వస్తే పలికేవాడు లేడు. నలభై అయినా చాలదు.

నోటు పుస్తకం మూసి డెల్ టేబులు మీద తల పెట్టేశాడు. చివరికి పోయేదేముందని, ఆ మొద్దువాడికే జనవరి తుపాను మొత్తం అప్పగించి కాఫీకి వెళ్ళాడు. మొదటి నిమిషం వాడు మొద్దులాగే ఉంటాడు. పని కంఠస్థం అయ్యాక చూడాలి వాడి వీరంగం. చిన్న లెక్కలో వాడికి నేర్చుకునే వ్యవధే దొరకలేదు, నేర్చుకునేలోపు పనైపోయింది. డెల్ కాఫీ కప్పుతో తిరిగొచ్చేసరికి చీటీ తయారై కూర్చుంది. ఆరు నిమిషాల నలభై సెకన్లు.

పదేళ్ళలో మొదటిసారి డెల్ నిట్టూర్పు లేకుండా కుర్చీలో కూర్చున్నాడు. పాత చీటీ పక్కన కొత్త చీటీ పెట్టి, బండ్లు తిరిగే మొత్తం మైళ్ళు చూశాడు. చుక్క తేడా లేదు. పెద్ద రోడ్ల వరుస అదే. చిన్న రోడ్లకొచ్చేసరికి వరుసంతా తారుమారు. పైనున్న టామరాక్ వీధి అట్టడుగున ఉంది. రెండు వందల పద్నాలుగు చిన్న రోడ్లలో రెండు వందల పద్నాలుగోది.

మళ్ళీ నడిపించాడు. మళ్ళీ అంతే. తప్పు కొత్త మేస్త్రీదే అనుకుని రెండు రోజులు వాడిని తిట్టుకున్నాడు. మూడో రోజున తన పాత రాతలో ఆ చోటు కనిపించింది. చిన్న రోడ్లన్నీ సమానమే కాబట్టి వాటి నంబర్లన్నిటినీ ఒక సంచిలో వేసి, ఒక్కొక్కటే బయటికి తీయమని రాశాడు. సంచిలోంచి ఏ వరుసలో వస్తాయో హామీ లేదని, వరుస కావాలంటే సంచి వాడొద్దని ఆ లైబ్రరీ పుస్తకమే చెప్పింది. విరిగిన కాలు దిండు మీద పెట్టుకుని డెల్ ఆ పేజీ చదివాడు కూడా. “సమానమైనవే కదా, ఏది ముందైతేనేం” అనుకున్నాడు. అందరినీ సమానంగా చూశానని మురిసిపోయాడు.

పాత మేస్త్రీ సంచి నిజానికి సంచి కాదు, గళ్ళ పెట్టె. ఇన్ని రోడ్లకు ఐదు వందల పన్నెండు గళ్ళ పెట్టె తీస్తాడు. గళ్ళ లెక్క సున్నాతో మొదలు, ఎంత నంబరుకు అన్నో గడి. గళ్ళు చాలకపోతే, గడియారం ముల్లు పన్నెండు చేరి మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టినట్టు, మొదటి గడికి తిరిగొస్తాడు. టామరాక్ వీధి నంబరు సరిగ్గా ఐదు వందల పన్నెండు. చుట్టూ తిరిగొచ్చి మొట్టమొదటి గడిలో కూర్చుంది. పద్నాలుగేళ్ళు అక్కడే కూర్చుంది. కొత్త మేస్త్రీ పద్ధతి వేరు, వేసిన వరుసలోనే తీస్తాడు. వేసిన వరుస కౌంటీ రిజిస్టరు వరుస. గని కంపెనీ అన్నిటికంటే చివర కౌంటీకి అప్పగించి వదిలించుకున్న వీధి కాబట్టి రిజిస్టరులో టామరాక్ చివరిది.

అంటే ఇన్నేళ్ళూ ఆయన చేసిన మోసమూ లేదు, చూపిన న్యాయమూ లేదు. ఒక నంబరు గడిలో పడిందంతే. డెల్‌కు నవ్వొచ్చింది. ఆ వెంటనే మంగళవారం పొద్దున్న అయిదూ ఇరవై గుర్తొచ్చింది.

ఇంటికెళ్ళేసరికి మార్లిస్ వంటింట్లో కూర్చుని పాస్టీల్లోకి, అంటే మాంసం, దుంపలు కూరి కాల్చే రొట్టెల్లోకి, రూటబేగా దుంప తరుగుతోంది. దుంపా, బంగాళదుంపా ఆమె తినకూడదు. చేసేది ఆయన కోసం. ఆమె నిలబడి వంట చేయడం మానేసి చాలా కాలమైంది. డెల్ అంతా చెప్పాడు. ఆమె కత్తి ఆపకుండా విన్నది.

“అయితే ఇంతకాలం నేను టైముకు వెళ్ళింది ఒక సంచి పుణ్యమా?”

“సంచి కాదు, గళ్ళ పెట్టె.”

“ఏదో ఒకటిలే. ఇప్పుడేం చేస్తావయ్యా?”

“ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. ఐదు వందల పన్నెండు ముందు అని. రెండు నిమిషాల పని.”

“రాయి మరి.”

“ఎలా రాయను? నిండు సభలో అన్న మాట ఉంది కదా.”

మార్లిస్ కత్తి పక్కన పెట్టింది. “పోయిన ఏడాది ఆస్పత్రిలో మిషను చెడిపోయి ఒక్క రోజు తప్పితే నా కాళ్ళు ఎలా ఉబ్బాయో చూశావు. బూట్లు కత్తిరించి తీశావు. నీ మాట పోతుంది కాబట్టి రాయమని అడగను. మాట నిలబెట్టుకోమనీ అనను. నాకు ఓపిక లేదు డెల్. నువ్వే ఏదో ఒకటి చెయ్యి, నాకు మాత్రం చెప్పకు.”

ఆ ఒక్క వరుస రాయడానికి డెల్ మూడుసార్లు కూర్చున్నాడు, మూడుసార్లూ తుడిచేశాడు. ఎవరికీ తెలియదు కదా అన్నది నిజమే. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. పాత మేస్త్రీనే ఉంచుకుంటే కంపెనీ వస్తుంది, వంతు ఏడున్నరకు. కొత్త మేస్త్రీని పెట్టి ఊరుకుంటే వంతు ఎనిమిదికి. ఎటు చూసినా మార్లిస్ వ్యాను మలుపులోంచే తిరిగిపోతుంది. సొంత చేత్తో రాస్తే మాత్రం ఊరంతా ఇన్నేళ్ళూ అన్నదే నిజమవుతుంది.

బోర్డు మీటింగుకు ముందు గురువారం, షెడ్డులో ఏటా జరిగే కాఫీ. జింకల వేట మొదలయ్యాక నవంబరు పదిహేను నుంచి మా కౌంటీలో మనిషన్నవాడు దొరకడు కాబట్టి, చలికాలపు మాటలన్నీ ముందే మాట్లాడేసుకుంటారు. ఏలకుల రొట్టె నిసు కోసి పెట్టారు. ఉత్తరపు బండి డ్రైవరు బెవ్ ట్రెంబాత్ అప్పటికే మూడో ముక్క మీద ఉంది. టామరాక్ వీధి తోసేది బెవ్వే. ఏటా మంచుతో పాటు డెల్ పోస్టు డబ్బాను కూడా తోసేసేది ఆమే.

డెల్ లేచి చెప్పాడు. సంచి, గళ్ళు, గడియారం, అన్నీ. చెప్పి కూర్చోబోతుంటే బెవ్ రొట్టె కింద పెట్టింది.

“ఆగాగు మహానుభావా. అంటే నువ్వు కావాలని చెయ్యలేదా?”

“పద్నాలుగేళ్ళుగా అదే చెబుతున్నాను కదమ్మా.”

“చెబుతావు, ఎవరైనా అలాగే చెబుతారు! నేను పక్క కౌంటీ డ్రైవర్లకు ఎంత గొప్పగా చెప్పుకున్నానో తెలుసా? మా డెల్ పెళ్ళాం కోసం కంప్యూటర్నే మాయ చేశాడు, మీ దగ్గర అలాంటి మొగాడొక్కడున్నాడా అని. ఇప్పుడొచ్చి గడి అంటావా?”

“మార్లిస్‌కు జబ్బు చేసింది మూడేళ్ళ కిందటే.”

“ముందుచూపున్న మొగుడనుకున్నాం.”

షెడ్డంతా గొల్లుమంది. నార్మ్ నవ్వు తుడుచుకుని, “అయితే ఇన్నేళ్ళు నిన్ను అనవసరంగా తిట్టామన్నమాట. సర్లే, వెనక్కి తీసుకోం. ఇప్పుడు నీ వీధి ఎక్కడ పడింది?” అన్నాడు.

“చివర.”

నవ్వు ఆగింది. బెవ్ వేళ్ళు మడుస్తూ, “మంగళ, గురు, శని,” అంది. తర్వాత డెల్ వైపు తిరిగింది. “ఒక్క వరుసేగా? రాసి పారేయ్. నా మాటన్నా నిజమవుతుంది.”

“నా ఒక్కడి కోసం రాయను,” అన్నాడు డెల్. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. “రాస్తే అందరికీ కలిపి రాస్తాను. చిన్న రోడ్ల మీద పొద్దున్నే ఆస్పత్రికి పోవాల్సినవాళ్ళు ఇంకెవరున్నారు?”

ఆయన ఈ ప్రశ్న పద్నాలుగేళ్ళలో ఎవరినీ అడగలేదు. డ్రైవర్లకు మాత్రం రోడ్డు చూస్తే ఇల్లు, ఇల్లు చూస్తే మనిషి, మనిషి చూస్తే జబ్బు తెలుసు. పైన్ క్రీక్ రోడ్డు పెద్దాయన, సోమ, బుధ, శుక్ర. ఆయనను రెండేళ్ళుగా పక్కింటివాడు మంచు మోటారు బండి మీద కిందికి దించుతున్నాడట. మిల్ రోడ్డులో ఒకావిడకు రేడియేషన్. డెల్ నోటు పుస్తకం తీసి రాసుకున్నాడు. పైన్ క్రీక్ నూట పద్దెనిమిది, మిల్ రోడ్డు మూడు వందల ఏడు, టామరాక్ ఐదు వందల పన్నెండు. మూడూ బెవ్ బండి కిందికే వస్తాయి. ఎవరిది ఏ రోజని చూడకుండా నంబరు వరుసలో రాశాడు. వేరే వరుస ఆలోచించే ఓపిక లేదు.

బెవ్ భుజం మీంచి చూసింది. “మూడోదా! ఛీ! మోసం చేయడం కూడా రాదేంటయ్యా నీకు?”

మంగళవారం బోర్డు ముందు కొత్త మేస్త్రీ ఏడు నిమిషాల్లో చీటీ తీశాడు. డెల్ ఆ మూడు వరుసల రాతను తెర మీద పెట్టి చదివాడు. ఐదు వందల పన్నెండు తన సొంత వీధని చెప్పాడు. ఇకనుంచి ప్రోగ్రాముకు తన ఇల్లు తెలుసని చెప్పాడు. వెనక వరసలోంచి ఎవరో, “మరి ఇన్నాళ్ళూ తెలీదా ఏంటి?” అన్నారు. కంపెనీని వెనక్కి పంపారు.

మొదటి పెద్ద మంచు నవంబరు ఆఖరున, వేట ముగిసే వారంలో, మంగళవారమే పడింది. ఎంత పడిందంటే, తగ్గించి చెప్పినా రెండడుగులు. పాత రోజుల్లో అయితే నాలుగూ యాభైకల్లా బెవ్ బండి చప్పుడు కొండ మీద వినబడేది. అయిదయింది, వినబడలేదు. మార్లిస్ కోటు తొడుక్కుని తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. డెల్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

“మూడోది పెట్టుకున్నావట కదా,” అంది ఆమె.

“నీకెవరు చెప్పారు?”

“బెవ్. ఫోను చేసి ఏడ్చినంత పని చేసింది.”

అయిదూ ఐదు. అయిదూ పది. పైన్ క్రీక్ రోడ్డు ఎంత పొడవో డెల్ తన చేతులతో కొలిచినవాడు. ఇన్ని గజాలకు ఇన్ని నిమిషాలని లోపల లెక్క వేసుకుంటూ పోయాడు, రెండుసార్లు తప్పాడు. అయిదూ పద్నాలుగుకు మలుపు దగ్గర పసుపు దీపం తిరుగుతూ కనిపించింది. బండి కొండెక్కి, ఇంటి ముందు నుంచి పోతూ పోతూ పోస్టు డబ్బాను కర్రతో సహా లేపి అవతల పడేసి, రెండుసార్లు హారన్ కొట్టింది. దాని వెనకే వ్యాను వచ్చింది.

మార్లిస్‌ను ఎక్కించాక డెల్ కాసేపు రోడ్డు మీదే నిలబడ్డాడు. చేతులు కోటు జేబుల్లోంచి తీయాలనిపించలేదు. పోస్టు డబ్బా మూత ఒక్కటే మంచు పైకి కనిపిస్తోంది. ఏటా డిసెంబరు దాటాక పడే డబ్బా ఈసారి నవంబరులోనే పడింది. నిట్టూర్చి పార కోసం లోపలికి వెళ్ళాడు.